ఎర్ర దారం గిన్నె

పెరుగు గిన్నెల మూతలు మారిపోయాయని ఆ ఉదయం వకుళ అత్తగారితో పావుగంట సేపు వాదించింది.

“ఎర్ర దారం కట్టిన మూత ఆయన గిన్నెది. దారం లేనిది మనది. రెండు నెలల నుంచి చెబుతున్నాను అత్తయ్యా.”

“చెబుతూనే ఉన్నావు, నేను వింటూనే ఉన్నాను,” అంది మాణిక్యాంబ, స్టూలు మీద కూర్చుని చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ. “మూతలే కదే అమ్మాయ్ మారింది, మొగుళ్ళు కాదుగా.”

“అసలు మీరు ఫ్రిజ్ ఎందుకు తీశారు?”

“కింద వాటా రత్నం తోడు కోసం వచ్చింది. నువ్వు స్నానానికెళ్ళావు. ఒక చెంచా వేసిచ్చాను. లేదని పంపమంటావా?”

“ఏ గిన్నెలోంచి వేశారు?”

“మనదాంట్లోంచే. నాకు కళ్ళు లేవనుకున్నావా?”

ముందు గదిలోంచి శేషగిరి గొంతు వినిపించింది. “అత్తాకోడళ్ళు ముందు కాఫీ సంగతి చూడండి. మూతల పంచాయితీ మధ్యాహ్నం పెట్టుకుందురు గాని.”

“మీరు మాట్లాడకండి. ఈ రెండో గిన్నె మీ చలవే,” అంది వకుళ. మూతలు రెండూ వేడినీళ్ళతో కడిగి, తుడిచి, దేనిది దాని మీద పెట్టి ఫ్రిజ్ తలుపు మూసింది. అక్కడితో ఆ గొడవ అయిపోయిందనే అనుకుంది.

శేషగిరి కాకినాడ పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే స్నానం, తర్వాత క్వార్టరు సీసా, దాని మీద రెండు కాజాలు. మూడు నెలలకోసారి డాక్టరు “మందూ తీపీ తగ్గించండి” అనేవాడు. “అలాగే డాక్టరుగారూ” అని ఇతను మనస్ఫూర్తిగా అనేవాడు. ఆ నిమిషంలో అది నిజమే. తిరిగి వచ్చే దారిలో కాజాల కొట్టు దగ్గర స్కూటర్ దానంతటదే ఆగేది. “వచ్చే నెల నుంచి” అనే మాట వకుళ పెళ్ళయిన దగ్గర్నుంచి వింటోంది. ఇరవై ఎనిమిదేళ్ళు బతిమాలింది, అలిగింది, సీసాలు సింకులో ఒంపింది, వారం రోజులు వంట మానేసింది. షుగరు మూడు వందల ఎనభైకి వచ్చింది. కాలి మీద పుండు మానడం మానేసింది.

అప్పుడు వచ్చింది యామిని. ఊరి బయట సామర్లకోట రోడ్డులో కొత్తగా పెట్టిన పరిశోధనశాలలో శాస్త్రవేత్త. ముప్పై ఏళ్ళుంటాయేమో, అంతకంటే చిన్నగా కనిపిస్తుంది. డాక్టరు పంపితే వచ్చి, వాళ్ళ భోజనాల బల్ల మీద రెండు గాజు గ్లాసుల్లో పంచదార నీళ్ళు పోసి, ఒకదాంట్లో తను తెచ్చిన పెరుగు ఒక చెంచా కలిపింది. వకుళ ఇచ్చిన ఉప్మా తింటూ అరగంట కబుర్లు చెప్పింది. తర్వాత రెండింట్లోనూ కాగితపు ముక్కలు ముంచింది. ఒకటి ముదురు ఆకుపచ్చకి తిరిగింది. పెరుగు కలిపిన గ్లాసులోది తెల్లగానే ఉంది.

“పంచదార ఏమైంది?” అన్నాడు శేషగిరి.

“ఈ పెరుగులో ఉన్న సూక్ష్మజీవి తినేసింది అంకుల్. మీ సీసా కూడా తెచ్చుకోండి, సిగ్గుపడకండి.”

మందుకీ అదే గతి పట్టింది. అరగంట తర్వాత శేషగిరి వాసన చూసి, ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. “పుల్లనీళ్ళు.”

“మీరు ఏమీ మానక్కర్లేదు. మీరు తిన్నది మీ ఒంటికి అందేలోపు ఇది తినేస్తుంది,” అంది యామిని.

తను ఇన్నేళ్ళు చేయించలేనిది ఒక చెంచా పెరుగు చేసి పెడుతుందంటే వకుళకి సంతోషం వేసింది. ఎక్కడో కొంచెం మంట కూడా వేసింది. షరతులు శ్రద్ధగా రాసుకుంది. రోజూ పాలల్లో వాళ్ళిచ్చిన తెల్ల పొడి ఒక పొట్లం కలపాలి. ఆ పొడి లేకపోతే ఆ జీవి రెండు రోజుల్లో చచ్చిపోతుంది, అలాగే తయారు చేశారు, కాబట్టి బయటికి పాకే ప్రమాదం లేదు. అయినా గిన్నె వేరు, గరిటె వేరు. ఇంటి పెరుగుతో కలవకూడదు. వకుళ బీయస్సీలో సూక్ష్మజీవశాస్త్రం చదివిందని తెలిసి యామిని ముచ్చటపడింది. “ఇలాంటి ఇల్లే కావాలి మాకు.”

ఇంటి పెరుగు అంటే వకుళకి ఒట్టి పెరుగు కాదు. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక గట్టి మూత డబ్బాలో పోసిచ్చిన తోడు అది. ఇరవై ఎనిమిదేళ్ళుగా నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలల్లోకి వెళుతూ తెగకుండా వచ్చింది. ఊరెళితే రత్నానికి అప్పగించి వెళ్ళేది. ఆ అపార్టుమెంటులో సగం ఇళ్ళలో తోడుకునేది వకుళ పెరుగే. ఇప్పుడు రోజూ సాయంత్రం రెండు గిన్నెల్లో పాలు చల్లార్చేది. చిటికెన వేలు ముంచి ఒకదాని వేడి చూసేది, రెండోదాని వేడి చూసేది. గోరువెచ్చగా ఉంటే దేని చెంచాతో దానికి తోడు వేసి, ఎర్ర దారం మూత ఒకదాని మీద, మామూలు మూత ఒకదాని మీద పెట్టేది. అందుకే ఆ ఉదయం మూతల గురించి అంత గొడవ.

నాలుగు నెలల్లో శేషగిరి షుగరు నూట నాలుగుకి దిగింది. కాలి పుండు మానింది. మందు తాగినా ఎక్కడం లేదని మొదట్లో రెండు రెట్లు తాగి చూశాడు. తర్వాత విసుగొచ్చి మానేశాడు. “గోదావరి నీళ్ళు తాగినట్టుంది, దానికి నూట యాభై తగలెయ్యడం దేనికి?” అన్నాడు. నాగపూర్లో ఉన్న కూతురు హిమజ ఫోన్ చేసి తనకి మూడో నెల అని చెప్పిన రోజున, తండ్రి ఇంటిల్లిపాదికీ కాజాలు తెచ్చి తను నాలుగు తిన్నాడు.  ఆ ఇంట్లో తీపి చూసి వకుళ భయపడని రోజు అదొక్కటే.

ఆ తర్వాత వకుళ శేషగిరి బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడిచింది. నెల తిరక్కుండా ఇంకొకటి. పొద్దున్న ఎనిమిది ఇడ్లీలు తిని పదకొండింటికి ఆకలి అంటున్నాడు. రాత్రి అన్నం మూడుసార్లు పెట్టించుకుంటున్నాడు. “అన్నయ్యగారు సన్నబడి సినిమా హీరోలా తయారయ్యారు వదినా,” అంది రత్నం, మెట్ల దగ్గర. “మా ఇంట్లోనూ అంతే. ఎంత తిన్నా ఆగడం లేదు.” ఇద్దరూ నవ్వుకున్నారు. వకుళ లోపలికొచ్చి గుమ్మంలో కాసేపు నిలబడిపోయింది. తను కూడా నాలుగు కిలోలు తగ్గింది. ఆ పెరుగు తను ఎప్పుడూ ముట్టుకోలేదు.

రత్నం భర్త సూర్యారావు పన్నెండేళ్ళుగా పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుంటున్నాడు. ఆ బుధవారం కూడా అలవాటు చొప్పున వేసుకుని, పెసరట్టు ముందు కూర్చుని, సగం తిని, చెమటలు పట్టి పక్కకి ఒరిగాడు. నోట్లో పంచదార పోశారు. గ్లూకోజు నీళ్ళు పట్టారు. అవి ఆయన రక్తం దాకా చేరలేదు. ఆసుపత్రి గేటు దగ్గరే ప్రాణం పోయింది.

యామిని రత్నం ఇంట్లోని పెరుగు తీసుకెళ్ళి పరీక్ష చేసింది. మూడో రోజు వకుళని పరిశోధనశాలకి రమ్మంది.

అక్కడ అద్దం వెనక పళ్ళేల్లో మెత్తగా పిసికిన అన్నం ఉంది. వరసలో చివరి పళ్ళెంలో అన్నం లేదు, పల్చటి నీళ్ళున్నాయి. “ఇది నిన్న ముద్దే ఆంటీ. ముందు పంచదారా మందూ మాత్రమే తినేది. ఇప్పుడు అన్నం, గోధుమ, అన్నీ. పొడి లేకుండా బతకడం కూడా నేర్చుకుంది.”

“ఎవరు నేర్పారు?”

“మామూలు పెరుగులో ఉండే జీవులతో ఎక్కడో కలిసింది. వాటి దగ్గర నేర్చుకుంది.”

“మందులకి చావదా?”

“చస్తుంది. ఎనిమిదో రోజు మళ్ళీ కనిపిస్తోంది. దాన్ని మాడ్చడమే దారి. నలభై రోజులు పంచదార, మందు, అన్నం, రొట్టె, పళ్ళు, పాలు, పెరుగు ఏవీ లోపలికి వెళ్ళకూడదు. గుడ్డు, చేప, వేరుశనగ, కొబ్బరి, ఆకుకూరలు. ఇంట్లో అందరూ ఒకేసారి చేయాలి. ఒక్కరిలో మిగిలినా ఇంటిల్లిపాదికీ ఉన్నట్టే.” యామిని మొహం పక్కకి తిప్పుకుని చెప్పింది. “హిమజని మాత్రం ఇల్లు శుభ్రమయ్యేదాకా రానివ్వకండి. ఈ పెరుగు ప్రయోగాల్లో చేరిన ఒకామెకి అప్పటికి తను కడుపుతో ఉన్న సంగతి తెలియలేదు. ఆరో నెలలో బిడ్డ పెరగడం ఆగిపోయింది. తల్లికే అందనిది బిడ్డకి ఎక్కడిది?”

వకుళ ఆటోలో ఇంటికి వస్తూ లెక్క వేసుకుంది. హిమజకి ఐదో నెల. ఏడో నెలలో పురిటికి రావాలి. అక్కడ దానికి అత్తగారు లేరు, చూసుకునే ఆడదిక్కు లేదు, పుట్టింటికి రావాల్సిందే. నలభై రోజులు సరిగ్గా చాలుతాయి.

ఇంట్లోకి అడుగు పెట్టగానే అత్తగారిని అడిగింది. “ఆ రోజు మూతలు మారాయే, అప్పుడు రత్నానికి ఏ గిన్నెలోంచి వేశారు?”

ఈసారి మాణిక్యాంబ వేళాకోళం ఆడలేదు. “మనదే అనుకున్నానే. ఏమో మరి.” చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది. “నా వల్లేనంటావా, సూర్యారావు?”

కాదు అనడానికి వకుళకి నోరు రాలేదు. మర్నాటి నుంచి ఆ ముసలమ్మ వంటింటి గడప తొక్కడం మానేసింది. మంచినీళ్ళు కావాలన్నా గుమ్మం బయట నిలబడి అడిగేది. పదకొండో రోజు అయ్యాక రత్నం మెట్లెక్కి వచ్చి, తోడు పట్టుకెళ్ళిన చిన్న గిన్నె తిరిగి ఇచ్చింది. కడిగి, ఖాళీగా. ఆ రెండిళ్ళ మధ్య ఖాళీ గిన్నె ఎప్పుడూ తిరగలేదు.

పరిశోధనశాల వాళ్ళొచ్చి ఆ వీధిలో పెరుగంతా తీసుకెళ్ళారు, గిన్నెలతో సహా. వాళ్ళు కింద వాటాలో ఉండగానే వకుళ తన గిన్నెలోంచి ఒక చెంచా పెరుగు కుంకుమ భరిణెలోకి తీసి, ఫ్రీజర్లో మంచు వెనక పెట్టింది. ఎర్ర దారం గిన్నెలోంచి కాదు, తన గిన్నెలోంచి. తప్పు జరిగింది అత్తగారి చేతిలో. తన చెంచా ఎప్పుడూ మారలేదు. తన పెరుగు చెడడమన్నది ఆమె ఊహకి అందలేదు. ఎంతగా అందలేదంటే, తను నాలుగు కిలోలు తగ్గిన సంగతి కూడా ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

నలభై రోజులు మొదలయ్యాయి. హిమజ ఫోన్లో రోజూ అడిగేది. “ఎన్నో రోజమ్మా? నాన్న ఉంటున్నారా?”

“ఉంటున్నానే,” అని శేషగిరే ఫోన్ లాక్కుని చెప్పేవాడు. “మీ అమ్మ కాపలా ఉండగా చీమ కూడా బెల్లం ముట్టుకోలేదు.”

“టికెట్లు తీసేసుకుంటున్నాం అయితే.”

“తీసుకో తల్లీ.”

మొదటి వారం తలనొప్పులు, చిరాకులు. రెండో వారం శేషగిరి సాయంత్రాలు ఇంట్లో ఉండలేక నడకకి వెళ్ళడం మొదలుపెట్టాడు. గంటన్నర తర్వాత వచ్చేవాడు. నోరు వాసన చూసి లాభం లేదు, ఆ జీవి ఉన్న మనిషికి మందు వాసనే ఉండదు. వకుళ అతని స్కూటర్ డిక్కీ వెతికింది, చొక్కా జేబులు వెతికింది. వేయించిన శనగపప్పు పొట్టు దొరికితే అది యామిని ఇచ్చిన తినదగ్గవాటి పట్టికలో ఉందా లేదా అని చూసింది. లేదు. ఆ రోజు పెద్ద గొడవ చేసింది. “సరే, శనగపప్పు కూడా మానేశాను, రాసుకో,” అన్నాడు శేషగిరి.

ఇరవై ఏడో రోజున మాణిక్యాంబ తినడం ఆపేసింది. పళ్ళు లేవు, వేరుశనగలు నమలలేదు. కోడిగుడ్డు వాసనకే వాంతి. ఆకుకూర రసం రెండు చెంచాలు తాగి తల తిప్పేసింది. పదేళ్ళుగా ఆవిడ పెరుగు అన్నం మీద బతుకుతున్న మనిషి. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, “నన్ను పోనీయవే. నేను పోతే ఒకరు తగ్గుతారు, పిల్ల తొందరగా వస్తుంది,” అంది.

వకుళ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది. ఆ తర్వాత ఫ్రీజర్లోంచి భరిణె తీసింది. ఒక గ్లాసు పాలు కాచింది. మిరపకాయ తొడిమలు వేసినా పాలు తోడుకుంటాయి, ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ తొడిమల పెరుగు వగరుగా ఉంటుంది, ముసలావిడ తినదు. పైగా ఇది తన పెరుగు, శుభ్రమైనది. పాలు కాస్త పంచదార ఉన్నవే, అయినా మూడు రోజులు, మూడు గరిటెలు. దానికేం కాదు. మాణిక్యాంబ ఆ పెరుగు నాకి, చంటిపిల్లలా కళ్ళు మూసుకుని నిద్రపోయింది. నాలుగో రోజు నుంచి లేచి గుడ్డు తెల్లసొన తిన్నది. వకుళ భరిణె కడిగేసింది.

నలభై ఒకటో రోజు ముగ్గురి పరీక్షల ఫలితాలూ వచ్చాయి. ముగ్గురిలోనూ ఉంది.

“ఎక్కడ తాగారు?” అంది వకుళ. కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

“తాగలేదు.”

“కాజాలు తిన్నారా?”

“లేదు వకుళా.”

“ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే మొహంతో అబద్ధం చెప్పారు నాకు. కూతురి ప్రాణం మీదికి వచ్చినా అదే మొహం.”

 కుర్చీలో కూర్చుంటే శేషగిరి భుజాల ఎముకలు చొక్కాలోంచి హ్యాంగరులా పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉండిపోయాడు.

యామిని మర్నాడు పొద్దున్నే వచ్చింది. నలభై రోజుల్లో ఎవరు ఏం తిన్నారో అడిగి రాసుకుంది. శేషగిరి రోజుకి రెండు గుడ్లు, చేప, కొబ్బరి అన్నాడు. ఇక వకుళ వంతు. ఆమె తడబడకుండానే భరిణె సంగతి చెప్పింది. “అది నా పెరుగమ్మా. ఎప్పుడూ కలవలేదు. చెంచా వేరు, గిన్నె వేరు.”

యామిని రాయడం ఆపింది. “ఒక్కసారి తోడు ఎలా పెడతారో చేసి చూపిస్తారా ఆంటీ? రెండు గిన్నెలూ ఉన్నప్పుడు చేసినట్టే.”

వకుళ రెండు గిన్నెల్లో వేడినీళ్ళు పోసింది, పాలకి బదులు. రెండు చెంచాలు పక్కపక్కన పెట్టింది. రెండు మూతలు. అంతా ఎంత పద్ధతిగా ఉందో ఆ పిల్లే చూస్తుంది. ఎడమ గిన్నె దగ్గర చిటికెన వేలు ముంచింది, కొంగుకి తుడుచుకుంది, కుడి గిన్నెలో ముంచింది.

“అదే వేలా ఆంటీ?” అంది యామిని మెల్లిగా. “రోజూ?”

వకుళ వేలు నీళ్ళల్లోంచి తియ్యలేదు. నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. పాలు గోరువెచ్చగా లేకపోతే ఇంకొంచెం ఆగేది, మళ్ళీ ముంచి చూసేది. తోడు వేశాక కలిసిందో లేదో చివరికి వేలితోనే చూసేది. వాళ్ళమ్మ అలాగే చేసేది.

“ఇంకో నలభై రోజులు ఉంటాం,” అంది.

“అంకుల్ నలభై ఆరు కిలోలున్నారు. బామ్మగారి సంగతి మీకే తెలుసు. వాళ్ళు తట్టుకోలేరు.” యామిని బ్యాగులో కాగితాలు సర్దుకుంది, మళ్ళీ బయటికి తీసింది. “తట్టుకున్నా ఇది చస్తుందని నేను చెప్పలేను. మీ ముగ్గురిలోంచి తీసింది మాడ్చి చూశాం. నిద్రపోతోంది, చావడం లేదు. ఆకలికి ఓర్చుకోవడం కూడా నేర్చుకుంది.”

“మరి ఏం చేస్తారు మీరు?”

“తెలియదు ఆంటీ. పక్క వీధిలో కూడా కనిపించింది నిన్న.” వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర తలుపు గడియని చేతిరుమాలుతో పట్టుకుని తీసింది.

ఆ మధ్యాహ్నం వకుళ నలభై రెండు రోజుల తర్వాత అన్నం వండింది. కందిపప్పు, దోసకాయ పచ్చడి చేసింది. అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అన్నం ఆవిరి చూసి శేషగిరి ఆమె వైపు చూశాడు, కలుపుకున్నాడు. కొంతసేపు ముగ్గురూ తిన్నారు.

“రత్నానికి మీరు మన గిన్నెలోంచే వేశారత్తయ్యా,” అంది వకుళ. “పాడైంది మన గిన్నే. నా వేలి వల్ల. మీరు చేసిందేమీ లేదు.”

మాణిక్యాంబ ముద్ద చేతిలో పట్టుకుని ఆ మాటని కాసేపు నమిలినట్టు కూర్చుంది. “మరి రత్నానికి ఎవరు చెబుతారు?”

“సాయంత్రం నేను దిగి వెళతాను.”

“తలుపు తియ్యదేమో.”

“తియ్యకపోతే బయట నుంచే చెబుతాను.” భర్త వైపు తిరిగింది. “మీరు తాగలేదు.”

“చెప్పానుగా.”

“చెప్పారు.”

“నాకే నమ్మకం కుదరలేదనుకో,” అన్నాడు శేషగిరి. “ముప్పయ్యో రోజున కాజాల కొట్టు ముందు నిలబడి, లోపలికి వెళ్ళకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి నీతో చెబుదామనుకున్నాను. నువ్వు జేబులు వెతుకుతున్నావు.”

వకుళ పప్పు గిన్నె అతని వైపు జరిపింది. ఆమె మొహంలో ఏడుపు లేదు. పొద్దుటి నుంచి లోపల కూడబెట్టుకుంటున్న మాటలు వరసగా పెట్టింది.

“హిమజ రావడం లేదు. పొద్దున్న అల్లుడుగారితో మాట్లాడాను. టికెట్లు రద్దు చేయమన్నాను. నాగపూర్లోనే పురుడు పోస్తారు, ఒక మనిషిని పెట్టుకోమన్నాను. మనం కూడా వెళ్ళడం లేదు. ఇక్కడి నుంచి పచ్చడి సీసా కూడా పంపడం లేదు. పసుపు కొమ్ము కూడా పంపడం లేదు.”

“తొలిస్నానం?” అంది మాణిక్యాంబ. “బిడ్డకి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేదెవరే?”

“ఎవరో ఒకరు. ఈ ఇంట్లో వాళ్ళు కాదు.”

శేషగిరి కంచం ఖాళీ అయింది. ఆకలి తీరని మనిషి చూపుతో ఆమె వైపు చూశాడు. “బిడ్డ కాస్త పెద్దయ్యాకైనా? ఏడాదికో రెండేళ్ళకో?”

“హిమజ గానీ బిడ్డ గానీ మన గుమ్మం ఎక్కకూడదు. మనం వాళ్ళ గుమ్మం ఎక్కకూడదు.”

“ఎన్నాళ్ళు వకుళా?”

“మనం ఉన్నన్నాళ్ళూ,” అంది, అతని కంచంలో మళ్ళీ అన్నం పెడుతూ.